లేని రాజ్యానికి మిగిలిన గదులు

మక్కా నగరంలో హైదరాబాదు రుబాత్ అనే పేరుతో ఒక బస ఉంది. నిజాం రుబాత్ అని కూడా అంటారు. హజ్‌కు వచ్చినవారెవరైనా అందులో దిగవచ్చునా అంటే కుదరదు. పూర్వపు హైదరాబాదు సంస్థానంలోని జిల్లాల వారికే అక్కడ చోటు. గదికి అద్దె లేదు. అడిగేవారు ఎక్కువ, గదులు తక్కువ కనుక హైదరాబాదులో చీటీలు తీస్తారు. వాటికి వాడుకలో ఖురా అని పేరు. చీటీ తగిలినవారికి బస ఖర్చు తప్పుతుంది. తగలనివారు అందరిలాగే డబ్బు కట్టుకొని మరొక చోట దిగుతారు.

ఇంతవరకూ ఇది ఏ యాత్రాస్థలంలోనైనా వినిపించే ధర్మసత్రం కథే. విశేషమంతా ఆ జిల్లాల జాబితాలో ఉంది. హైదరాబాదు సంస్థానం స్వతంత్రతకు 1948 సెప్టెంబరులో తెరపడింది. 1956 నవంబరు 1న రాష్ట్రంగా కూడా అది లేకుండా పోయింది. తొమ్మిది తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోకి, ఐదు మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రంలోకి, మూడు కన్నడ జిల్లాలు మైసూరులోకి వెళ్ళాయి. ఆ తరువాత బొంబాయి మహారాష్ట్ర అయింది, మైసూరు కర్ణాటక అయింది, 2014లో తెలంగాణ విడివడింది. గుల్బర్గా కలబురగి అయింది, ఔరంగాబాదుకూ ఉస్మానాబాదుకూ పేర్లు మారాయి. ఒక్క తెలంగాణలోనే పది జిల్లాలు ముప్పయి మూడయ్యాయి. భారతదేశపు పటం మీద ఆ సంస్థానపు గీత ఇప్పుడు ఎక్కడా లేదు. మక్కాలోని ఒక ఇంటి గుమ్మం దగ్గర మాత్రం ఉంది. నాందేడు వాడు, బీదరు వాడు, ఆదిలాబాదు వాడు అక్కడ ఒకే ఊరివాళ్ళు. గుంటూరు వాడు పరాయివాడు.

ఈ గీతను పట్టుకొని కొంతదూరం పోతే తమాషాగా ఉంటుంది. భద్రాచలం ఈనాడు తెలంగాణలో ఉంది. కాని 1959 వరకూ అది తూర్పు గోదావరి జిల్లాలోది, అంతకు పూర్వం మద్రాసు ప్రెసిడెన్సీలోది. మునగాల పరగణా నల్గొండ నడిమధ్యన ఉన్నా కృష్ణా జిల్లాకు చెందినది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ భాషానిలయాన్ని నిలబెట్టినవారిలో ఒకరైన నాయని వెంకట రంగారావు ఆ మునగాలకే జమీందారు. అంటే పాత పటాన్ని అక్షరాలా అనుసరిస్తే ఈ రెండు చోట్ల ముస్లిములు నిజాం ప్రజలు కారు. మరోవంక కడప, అనంతపురం, బళ్ళారి సీమలు 1800 వరకూ నిజాంవే. కుంఫిణీకి దత్తం చేశాక అవి దత్తమండలాలయ్యాయి. దానధర్మానికి సరిహద్దు రాసేటప్పుడు రాజుగారి చేతిలో ఏ నేల ఉంటే ఆ నేలే శాశ్వతమైన అర్హత అవుతుంది. రాజు పోయాక దానిని మార్చేవారుండరు.

రుబాత్ అన్న మాటకు మూలం కట్టివేయడం. మొదట్లో అది సరిహద్దు కోట. గుర్రాలను కట్టి ఉంచే తావు. మొరాకో రాజధాని రబాత్ పేరు అక్కడి నుంచి వచ్చినదే. కాలక్రమాన యుద్ధం పోయి ఆశ్రమం మిగిలింది. సూఫీలు, బీదవిద్యార్థులు, దారినపోయే యాత్రికులు తలదాచుకొనే ఇల్లుగా ఆ మాట స్థిరపడింది. 1326లో మక్కాకు వచ్చిన ఇబ్న్ బతూతా మువఫ్ఫఖ్ రుబాత్‌లో దిగాడు. దూరదేశాల పాలకులు అక్కడ ఇళ్ళు కట్టించడం అప్పటికే ఆనవాయితీ. పదిహేనవ శతాబ్ది ఆరంభంలో బెంగాలు సుల్తాను గియాసుద్దీన్ ఆజం షా డబ్బు పంపించి మక్కాలో మదరసా నెలకొల్పాడు. మన దక్కను వంతు కూడా ఉంది. బహమనీల గుల్బర్గా పేరు మీద ఒక మదరసా మక్కాలో ఉండేది. కనుక నిజాములు కొత్తదారి తొక్కలేదు, దక్కనులో పాతబడిన అలవాటునే కొనసాగించారు. ఐదవ నిజాం అఫ్జల్ ఉద్దౌలా కాలంలో, అంటే 1857కూ 1869కీ నడుమ, ఈ రుబాత్ మొదలైందని హైదరాబాదులో చెప్పుకుంటారు.

ఆ కాలపు మక్కాలో ఉచితంగా ఒక గది దొరకడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే అప్పటి పుస్తకాలు చదవాలి. నేను మూడింటిని దగ్గర పెట్టుకున్నాను. మొదటిది స్విట్జర్లాండులో పుట్టిన బుర్క్‌హార్ట్ రాసిన అరేబియా యాత్ర. 1814లో అతడు మక్కాలో ఉన్నాడు, పుస్తకం అతడు చనిపోయాక 1829లో వచ్చింది. ఆ ఊళ్ళో పంట లేదు, పరిశ్రమ లేదు, ఇళ్ళున్నవాడు హజ్ నెలలో గదులు అద్దెకిచ్చి సంవత్సరమంతా బ్రతుకుతాడని అతడు గమనించాడు. దానికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి చెప్పాడు. పెద్ద మసీదు చుట్టూ సుల్తానులు చదువుల కోసం కట్టించిన మదరసాలను వాటిని చూసుకోవలసినవారే ధనిక యాత్రికులకు అద్దెకు ఇచ్చుకుంటున్నారట. విద్యార్థి లేడు, పాఠం లేదు, కిటికీలోంచి కాబా కనబడుతుంది గనుక అద్దె మాత్రం బాగా పలుకుతుంది. ధర్మానికి రాసిన ఇంటికి వచ్చే జబ్బు ఇదే. రెండు వందల యేళ్ళ క్రితమే ఆ యాత్రికుడు దానిని గుర్తుపట్టాడు.

రెండవది భోపాలు నవాబు సికందర్ బేగం రాసిన యాత్రాకథనం. ఆమె 1863-64లో తల్లి కుద్సియా బేగంతో, పెద్ద పరివారంతో హజ్‌కు వెళ్ళింది. ఉర్దూలో రాసిన ఆ కథనం ఆంగ్లానువాదంగా 1870లో అచ్చయింది. భక్తిపారవశ్యం కోసం ఆ పుస్తకం తెరిస్తే నిరాశ తప్పదు. అది ఒక పాలకురాలి తనిఖీ నివేదికలాగా ఉంటుంది. జెద్దాలో సుంకం అధికారులతో పేచీలు, తల్లి చేసే దానాల వాసన పట్టి చుట్టుముట్టే గుంపులు, మదీనా దారిలో దోపిడీల భయం, ఆ భయంతో మదీనా యాత్రనే మానుకోవడం, ఇవన్నీ ఆమె దాపరికం లేకుండా రాసింది. ఒక రాజ్యాన్ని ఏలే మనిషికే అంత ఇబ్బంది అయితే, పొలం కుదువపెట్టి ఓడ ఎక్కిన మెదకు రైతు గతి ఏమిటి? భోపాలు బేగంలు మక్కా మదీనాలలో తమ ప్రజల కోసం రుబాతులు ఏర్పరచారు. వాటి అర్హత కూడా ఈనాటికీ పాత భోపాలు సంస్థానపు హద్దుల ప్రకారమే, అంటే భోపాలు, సీహోరు, రాయిసేను జిల్లాల వారికే.

వైద్యుణ్ణి కనుక ఈ చోట ఒక మాట చేర్చకుండా ఉండలేను. సికందర్ బేగం వెళ్ళివచ్చిన మరుసటి సంవత్సరం, 1865 హజ్‌లో కలరా పుట్టింది. దాదాపు పదిహేను వేలమంది యాత్రికులు చనిపోయారని అంచనా. ఓడల వెంట అది సూయెజ్ మీదుగా ఐరోపాకు పాకింది. ఆ భయంతోనే 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం జరిగింది, తరువాత 1882 నుంచి కమరాన్ దీవిలో యాత్రికులకు క్వారంటైన్ పెట్టారు. ఆనాటి నివేదికల దృష్టి ఓడల మీద, నీళ్ళ మీద ఉంటుంది. పడుకోవడానికి చోటులేక వీధిలో, ఇరుకు గదిలో పదిమందీ కిక్కిరిసి ఉండడం కూడా ఆ వ్యాధికి దారి వేసిన కారణాలలో ఒకటి. ఐదవ నిజాం కాలంలో మక్కాలో ఒక యాత్రికుడికి గోడలూ కప్పూ ఉన్న చోటు, తన భాష తెలిసిన పక్కవాడు దొరకడం పుణ్యం మాత్రమే కాదు, ప్రాణరక్షణ.

మూడవ పుస్తకం డచ్చి పండితుడు స్నూక్ హర్‌గ్రోన్యే రాసిన మక్కా. 1885లో అతడు కొన్ని నెలలు ఆ ఊళ్ళో ఉన్నాడు. మొదటి రెండు పుస్తకాలలో కనబడని ఒక లోకం ఇందులో ఉంది. యాత్రికులకు దారి చూపే ముతవ్విఫ్ కుటుంబాల లోకం అది. ఏ దేశపు యాత్రికులు ఏ కుటుంబానికి చెందాలన్నది వంశపారంపర్యంగా నడిచేది. మక్కాలో ఏ పనికైనా ఒక ఇంటిపేరు ఉంటుంది. కాబా తాళంచెవి బనూ షైబా వంశం చేతిలో ఉంది. ఇస్లాముకు పూర్వం నుంచి ఆ బాధ్యత వారిదేనని చెబుతారు, ఈనాటికీ వారిదే. రాజవంశాలు మారాయి, చెవి మాత్రం ఆ ఇంట్లోంచి కదలలేదు. అది వారి ఆస్తి అని ఎవరూ అనరు, వారిది కాదని కూడా ఎవరూ అనరు. రుబాత్ సంగతి అర్థం కావాలంటే ఈ తేడాను గట్టిగా పట్టుకోవాలి. ఇల్లు ఒకరిది కావడం వేరు, ఇల్లు ఒకరి చేతిలో ఉండడం వేరు.

వక్ఫ్ అన్న మాటకు నిలిపివేయడమని అర్థం. ఒక ఇంటిని వక్ఫ్ చేసినవాడు దానిని అమ్మలేడు, ఇవ్వలేడు, పిల్లలకు రాసిపోలేడు. ఆస్తి కదలిక ఆగిపోతుంది, దాని ఫలం మాత్రం పత్రంలో పేర్కొన్నవారికి ప్రవహిస్తూ ఉంటుంది. ఆ ఫలాన్ని పంచడానికి ఒక మనిషి కావాలి. అతనిని అరబ్బు దేశాలలో నాజిర్ అంటారు, మన దగ్గర ముతవల్లీ అంటారు. మన ధర్మకర్త అన్న పదం దీనికి చాలా దగ్గరగా వస్తుంది. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, హైదరాబాదు మీదుగా వెళ్ళి, మరుసటి సంవత్సరం తిరిగివచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర తిరగవేస్తే ఏ మజిలీలో దిగడానికి వసతి ఉంది, ఎక్కడ లేదు అన్న లెక్క అడుగడుగునా కనబడుతుంది. యాత్రికుడికి కట్టించిన దాత పేరుకన్నా తలుపు తీసే మనిషి ముఖ్యం.

రుబాత్‌కు నాజిర్ మక్కాలో ఉంటాడు. నిజాం వారి వక్ఫులను చూసే సంఘం హైదరాబాదులో ఉంటుంది. ఈ ఇద్దరి మధ్య ఒక సముద్రం, రెండు చట్టాలు. దాత పెట్టిన షరతు దక్కనుది, ఇల్లు నిలిచిన నేల హిజాజుది. ఆ నేల మీద జెండాలు మారాయి. మొదట ఉస్మానియా తురుష్కులది, 1916లో షరీఫ్ హుసేనుది, 1924లో మక్కా ఇబ్న్ సౌద్ వశమైంది, 1932లో నేటి సౌదీ రాజ్యం ఏర్పడింది. రుబాత్ అన్నింటినీ తట్టుకుంది, ఎందుకంటే వక్ఫ్ పత్రాన్ని ఆ పాలకులందరూ గౌరవించారు. హైదరాబాదు వాసులకూ హిజాజుకూ ఉన్న ముడి ఈ ఇళ్ళతోనే ఆగలేదని కూడా గుర్తుచేయాలి. దమాస్కసు నుంచి మదీనాకు వేసిన హిజాజు రైలుదారికి ప్రజల నుంచి చందాలు పోగుచేసినవారిలో హైదరాబాదు మేధావి ముల్లా అబ్దుల్ ఖయ్యూం ప్రముఖుడు. 1908లో మదీనాకు రైలు వచ్చేనాటికి ఆయన లేడు. ఎదురుదిశలో హద్రమౌతు అరబ్బులు నిజాం కొలువులో సిపాయిలుగా చేరి బార్కస్‌లో స్థిరపడ్డారు. ఇరువైపులా ఇంత రాకపోక ఉన్నందువల్లనే సముద్రం అవతల ఒక ఇంటిని ఒకరి చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండగలిగారు.

పాలకులను తట్టుకున్న ఇల్లు ఒకదానికి మాత్రం తలవంచింది. అది యాత్రికుల సంఖ్య. ఓడల కాలంలో వేలల్లో ఉన్న జనం విమానాల కాలంలో లక్షలకు చేరారు. ఒక్క భారతదేశానికే ఇటీవలి సంవత్సరాలలో కేటాయింపు 1,75,025. పెద్ద మసీదు విస్తరణ 1955లో మొదలైంది, 1980లలో రెండవసారి జరిగింది, 2011లో మూడవది ఆరంభమైంది. ప్రతిసారీ మసీదు చుట్టూ ఉన్న పాత మక్కా ఒక వలయం చొప్పున కరిగిపోయింది. దాతలు పుణ్యం ఎక్కువని మసీదుకు ఆనుకొని కట్టించిన రుబాతులు ముందుగా కూలాయి. ఉస్మానియా కాలపు అజ్యాద్ కోటను 2002లో తొలగించారు. ఆ తావున లేచిన గడియారపు గోపురం ఎత్తు 601 మీటర్లు. నక్షత్రాల హోటళ్ళతో నిండిన ఆ కట్టడం కూడా పత్రాల ప్రకారం వక్ఫే. అబ్దుల్ అజీజ్ రాజు పేరిట ఉన్న ఆ వక్ఫ్ ఆదాయం రెండు పుణ్యక్షేత్రాల నిర్వహణకు చెందాలి. ధర్మశాస్త్రం దృష్టిలో ఆ గోపురమూ మన బీదల రుబాతూ ఒకే జాతివి. ఒకటి అద్దె తీసుకొని ధర్మానికి ఇస్తుంది, మరొకటి అద్దె మానివేయడమే ధర్మంగా నిలిచింది.

ఇల్లు కూలినప్పుడు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అది ఎవరి జేబులోకీ పోకూడదు, దానితో మరొక ఇల్లు కొని అదే షరతుతో నడపాలి. నాజిర్ అసలైన పరీక్ష ఇక్కడే. గోడలు కాపాడడం సులభం, గోడలు డబ్బుగా మారాక ఆ డబ్బును మళ్ళీ గోడలుగా మార్చడం కష్టం. నిజాములు మక్కా మదీనాలలో కొన్న ఇళ్ళలో ఇప్పుడు మిగిలినవి కొన్నే. అయినా హైదరాబాదు రుబాత్ అన్న పేరు ఒక భవనం నుంచి మరొక భవనానికి నడిచివచ్చింది. ఇటుకలు వేరు, వీధి వేరు, షరతు మాత్రం పాతది.

ఆ నడక ఆగిపోతే ఏమవుతుందో కేరళ వారి కథ చెబుతుంది. తలశ్శేరి సుగంధద్రవ్యాల వర్తకులైన కేయీ కుటుంబంలోని మాయిన్‌కుట్టి కేయీ పందొమ్మిదవ శతాబ్దంలో మలబారు యాత్రికుల కోసం మక్కాలో రుబాత్ కట్టించాడు. ఆయన వివాహం కన్నూరు అరక్కల్ రాజకుటుంబంలో జరిగింది. 1971లో మసీదు విస్తరణ కోసం ఆ ఇంటిని తీసుకున్నారు. పరిహారంగా 14 లక్షల రియాళ్ళు ఖజానాలో జమ అయ్యాయి. తీసుకొని మరొక ఇల్లు కొనవలసినవారెవరన్నది తేలలేదు. వారసులమని రెండు కుటుంబాల శాఖలు ముందుకు వచ్చాయి. మలబారులో వారసత్వం తల్లివైపు నడుస్తుంది, సౌదీ న్యాయస్థానం తండ్రివైపు అడుగుతుంది. యేళ్ళు గడిచేకొద్దీ ఆ సొమ్ము వేలకోట్లని పత్రికలు రాశాయి. ఆశావహుల సంఖ్యా పెరిగింది. అసలు ప్రశ్న ఎవరూ అడిగినట్లు కనబడదు. వక్ఫ్‌కు వారసులుండరు, నిర్వాహకులుంటారు. ఆ డబ్బు కేయీలదీ కాదు, అరక్కల్ వారిదీ కాదు. మలబారు నుంచి వచ్చి పడుకోవడానికి చోటులేని యాత్రికుడిది. యాభై యేళ్ళుగా ఆ యాత్రికుడు అద్దె కడుతూనే ఉన్నాడు.

ఈ కథ పక్కన పెట్టి చూస్తే హైదరాబాదు రుబాత్ నిర్వాహకులకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. దేశం పోయినా, రాజు పోయినా, ఇల్లే పోయినా గదులు దొరుకుతున్నాయి. అయితే అక్కడ తగవులు లేవని కాదు. గదుల జాబితా ఎవరు ఖాయం చేయాలి, ఖురా ఎవరి ఆధ్వర్యంలో జరగాలి అన్న వాదంలో మక్కా వైపూ హైదరాబాదు వైపూ పట్టుబట్టిన సంవత్సరాలున్నాయి. అటువంటి యేడు ఉచిత బస దొరకక యాత్రికులు నష్టపోయారు. పెద్దల మధ్య వాదం న్యాయసూక్ష్మం మీద నడుస్తుంది, దాని ఖరీదు మాత్రం కరీంనగర్‌లో బీడీలు చుట్టి కూడబెట్టిన కుటుంబం చెల్లిస్తుంది. నా అభిప్రాయం ఒకటే. ఏ యేడు ఎన్ని గదులున్నాయి, ఎంత పరిహారం వచ్చింది, దానితో ఏమి కొన్నారు అన్న లెక్క ఉర్దూలో, తెలుగులో, మరాఠీలో, కన్నడంలో ప్రతి సంవత్సరం అచ్చువేసి బయటపెట్టాలి. ధర్మకర్త మంచివాడైనంత మాత్రాన లెక్క అక్కరలేదనుకోవడం మన దేవాలయ సత్రాలను ఏ స్థితికి తెచ్చిందో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

రుబాత్‌ను నేను చూడలేదు, చూడబోను. జెద్దా నుంచి తాయిఫ్ పోయే రహదారి ఒక చోట రెండుగా చీలుతుంది. ముస్లిములు కానివారు పక్కదారి పట్టి మక్కాను చుట్టి వెళ్ళాలి. ఆ మలుపులో ఎన్నోసార్లు తిరిగాను. అందుచేత రుబాత్ గురించి నాకు తెలిసినదంతా పుస్తకాల ద్వారా, లేదా హజ్ ముగిశాక ఎండదెబ్బతోనో, విరిగిన తుంటితోనో, అదుపు తప్పిన చక్కెరతోనో మా వార్డుకు చేరిన పెద్దవాళ్ళ ద్వారా. వారిలో రుబాత్‌లో దిగినవారిని మాటతీరులోనే పోల్చవచ్చు. హోటలులో దిగినవారు అంతస్తు సంఖ్య చెబుతారు, వీరు పక్కగది వారి ఊరు చెబుతారు.

అలా వచ్చిన ఆదిలాబాదు పెద్దాయన ఒకరు గుండెనొప్పితో వారం రోజులు ఉన్నారు. తెలుగు డాక్టరు కనబడ్డాడని ఆయనకు ఎంత ఆనందమో, నాకూ అంతే. "మా ఇంటామె ఒక్కతే అయిపోయింది సారూ, మక్కాలనే ఉన్నది" అని మొదటిరోజు దిగులుపడ్డారు. మూడోరోజు ఆమె నుంచి ఫోను వచ్చాక దిగులు తగ్గింది. ఎదురుగదిలో నాందేడు వారు, పైన రాయచూరు వారు. నాందేడు ఆవిడ తన వంటలోనే ఈమెకూ పెడుతోందట, రాయచూరు కుర్రవాడు మందులు తెచ్చి ఇస్తున్నాడట. ఆమెకు మరాఠీ రాదు, ఆవిడకు తెలుగు రాదు, కుర్రవాడి ఇంట్లో కన్నడం. మరి ఏ భాషలో మాట్లాడుకుంటున్నారని అడిగాను. పెద్దాయన నన్ను వింతగా చూసి, "ఏ భాషేంది సారూ, మన హైదరాబాదీలోనే" అన్నారు.